రేంజర్స్ పోయిందా, బతికే ఉందా?

మనలో చాలామందికి రెండు పుట్టినరోజులు ఉంటాయి. ఇంట్లో అమ్మ చెప్పేది ఒకటి, బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు రాసేసింది ఇంకోటి. స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరానికి చెందిన రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు పరిస్థితీ అదే. 1973లో వందేళ్ళ పండగ చేసుకున్నారు, 2022లో నూటయాభై ఏళ్ళ పండగ చేసుకున్నారు. లెక్కేసి చూడండి, ఒక ఏడాది తేడా తగులుతుంది. క్లబ్బు పుస్తకాల్లో ఎప్పుడో 1873 అని పడిపోయింది, దశాబ్దాలపాటు అందరూ అదే నమ్మారు, తర్వాత ఎవరో ఓపిగ్గా పాత కాగితాలు తిరగేస్తే అసలు సంవత్సరం 1872 అని తేలింది.

పుట్టిన తేదీ గొడవ నవ్వేసి వదిలేసే రకం. పోయిన తేదీ గొడవ అలాంటిది కాదు. 2012లో రేంజర్స్ చచ్చిపోయిందని, ఇప్పుడు ఆడుతున్నది ఆ పేరు పెట్టుకున్న కొత్త క్లబ్బని గ్లాస్గోలో సగం ఊరు అంటుంది. చచ్చింది ఒక కంపెనీ మాత్రమే, క్లబ్బుకి ఏమీ కాలేదని మిగతా సగం అంటుంది. ఇన్నేళ్ళయినా తెగలేదు. రెండువైపుల వాదనా విన్నాక నాకు అర్థమైంది ఏంటంటే, వీళ్ళు ఒకే ప్రశ్నకి రెండు జవాబులు చెప్పడం లేదు, 'క్లబ్బు' అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తున్నారు. ముడి అక్కడుంది. విప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1872లో నలుగురు కుర్రాళ్ళు, అన్నదమ్ములు మోజెస్ మెక్‌నీల్, పీటర్ మెక్‌నీల్, వాళ్ళ స్నేహితులు పీటర్ క్యాంప్‌బెల్, విలియమ్ మెక్‌బెత్, ఒక పార్కులో నడుస్తూ మనమూ ఒక టీమ్ పెడదాం అనుకున్నారు. పడవలు తోలే సరదా ఉన్న టీనేజి కుర్రాళ్ళు. డబ్బు లేదు, మైదానం లేదు. పేరు కూడా ఇంగ్లండ్‌లోని ఒక రగ్బీ క్లబ్బు పేరు పుస్తకంలో చూసి మోజెస్ ఎత్తుకొచ్చాడని చెప్తారు. ఆ మే నెలలో గ్లాస్గో గ్రీన్ అనే బహిరంగ మైదానంలో క్యాలండర్ అనే జట్టుతో మొదటి మ్యాచ్ ఆడారు, 0-0. మతం గొడవ లేదు, రాజకీయం లేదు, జెండా లేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే రేంజర్స్ అనగానే ఇప్పుడు జనానికి గుర్తొచ్చేవన్నీ ఆ తర్వాత వచ్చి అంటుకున్నవే.

ఆ అంటుకోవడానికి కారణం ఎదుటివాడు. ఐర్లండ్ కరువుల నుంచి బతకడానికి గ్లాస్గో వచ్చిన కాథలిక్ పేదల పిల్లలకి అన్నం పెట్టడానికి డబ్బు పోగుచెయ్యాలని బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే కాథలిక్ సన్యాసి 1887లో సెల్టిక్ క్లబ్బు పెట్టాడు. ఆ సెల్టిక్ తన మొట్టమొదటి మ్యాచ్ ఎవరితో ఆడిందనుకున్నారు? రేంజర్స్‌తోనే, 1888 మే 28న. సెల్టిక్ 5-2తో గెలిచింది, ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి భోంచేశాయి. ఇప్పుడు ఈ మాట రేంజర్స్ సొంత మైదానమైన ఐబ్రాక్స్ స్టేడియం బయట నిలబడి చెబితే ఎవరూ నమ్మరు.

తర్వాత సెల్టిక్ వరసగా గెలవడం మొదలుపెట్టేసరికి వీళ్ళని ఓడించే 'మన' జట్టు ఏదైనా ఉండాలి కదా అని స్థానిక ప్రొటెస్టెంట్ జనం వెతుక్కున్నారు, రేంజర్స్ దొరికింది. దానికి తోడు రేంజర్స్ మైదానం ఉన్న గోవన్ ప్రాంతం అంతా ఓడలు కట్టే రేవులు. 1912లో బెల్ఫాస్ట్‌కి చెందిన హార్లండ్ అండ్ వుల్ఫ్ కంపెనీ గోవన్‌లో యార్డు పెట్టింది, దాంతోపాటు అక్కడి ప్రొటెస్టెంట్ కార్మికులూ, వాళ్ళ ఐర్లండ్ రాజకీయాలూ వచ్చాయి. అప్పట్లో ఐర్లండ్‌కి స్వపరిపాలన ఇవ్వాలా వద్దా అన్నది బ్రిటన్‌లో పెద్ద మంట. ఆ ఒక్క యార్డుకే మొత్తం తప్పు అంటగట్టడం నాకు అంత నచ్చదు, నిప్పు అప్పటికే ఉంది, వీళ్ళొచ్చి గాలి ఊదారంతే. మొత్తానికి కొన్నేళ్ళకల్లా ఒకవైపు బ్రిటిష్ జెండా, ఇంకోవైపు ఐర్లండ్ మూడు రంగుల జెండా స్థిరపడిపోయాయి. రేంజర్స్‌లో కాథలిక్కుల్ని తీసుకోకపోవడం అనే అలవాటు కూడా. ఎక్కడా రాసుకున్న రూలు కాదు. తొలినాళ్ళలో కాథలిక్కులు ఆడిన దాఖలాలూ ఉన్నాయి. అయినా మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దశాబ్దాలపాటు అది చెప్పకుండా పాటించే పద్ధతి అయిపోయింది.

1989 జులైలో మేనేజర్ గ్రేమ్ సూనెస్ దాన్ని విరగ్గొట్టాడు. అదీ ఎవర్ని తెచ్చి? మో జాన్‌స్టన్‌ని. పాత సెల్టిక్ ఆటగాడు, కాథలిక్, పైగా రెండు నెలల ముందే సెల్టిక్ చొక్కా పట్టుకుని మళ్ళీ వచ్చేస్తున్నా అని ఫొటోలు దిగినవాడు. సెల్టిక్ వాళ్ళకి ద్రోహి, రేంజర్స్‌లో కొందరికి అపచారం. మెడలో వేసుకునే స్కార్ఫులు తగలబెట్టారు. నవంబర్‌లో సెల్టిక్ మీదే చివరి నిమిషాల్లో గెలుపు గోల్ కొట్టాడు, ఆ క్షణంలో ఐబ్రాక్స్‌లో ఎంతమంది తమ నియమం మర్చిపోయి ఎగిరారో చెప్పక్కర్లేదు. ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, అంతదాకా 'ఇది పోతే రేంజర్స్ రేంజర్సే కాదు' అని కొందరు అనుకున్న విషయం పోయింది, రేంజర్స్ మాత్రం అలాగే ఉంది. పాటల్లో, జెండాల్లో ఆ వాసన ఇంకా ఉంది, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు కథకి. పుట్టిన 27 ఏళ్ళకి, 1899లో, రేంజర్స్ లిమిటెడ్ కంపెనీ అయింది. ఈ చిన్న కాగితం పని 113 ఏళ్ళ తర్వాత ఎంత తలనొప్పి తెస్తుందో అప్పుడు ఎవరికీ తెలీదు. 1988లో డేవిడ్ మరే అనే వ్యాపారవేత్త దాన్ని కొన్నాడు. డబ్బు నీళ్ళలా పోశాడు, 1989 నుంచి 1997 దాకా వరసగా తొమ్మిది లీగులు గెలిచారు. అప్పులు కూడా అలాగే పెరిగాయి. 2001 నుంచి ఆటగాళ్ళకీ, కొందరు డైరెక్టర్లకీ జీతంలో కొంత భాగాన్ని ట్రస్టుల ద్వారా 'అప్పు'గా ఇచ్చే పద్ధతి పెట్టారు. అప్పు మీద ఆదాయపు పన్ను ఉండదు కదా, అదీ కిటుకు. పదేళ్ళలో అలా దాదాపు 4 కోట్ల 70 లక్షల పౌండ్లు వెళ్ళాయి. ఇది అప్పు కాదు జీతమే, పన్ను కట్టాల్సిందే అని బ్రిటన్ పన్నుల శాఖ కేసు వేసింది. ఆ కేసు నెత్తి మీద వేలాడుతుంటే క్లబ్బుని కొనేవాడెవడు?

ఒకడొచ్చాడు. 2011 మే నెలలో క్రెయిగ్ వైట్ అనే ఆయన మరే వాటాని ఒక్క పౌండుకి కొన్నాడు. బ్యాంకుకి ఉన్న కోటీ ఎనభై లక్షల పౌండ్ల బాకీ తీర్చాలన్నది షరతు. తీర్చాడు కూడా, కాకపోతే జేబులోంచి కాదు. రాబోయే ఏళ్ళలో అమ్మబోయే సీజన్ టికెట్లని ముందుగానే ఒక సంస్థకి అమ్మేసి రెండు కోట్ల పౌండ్ల పైచిలుకు తెచ్చాడు. ఇంకా నాటు కూడా వెయ్యని పంటని అమ్మేసి, ఆ డబ్బుతో పొలం తాకట్టు విడిపించుకుని, పొలం నాదే అన్నట్టు. దీని మీద తర్వాత మోసం కేసు నడిచింది, 2017లో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అని వదిలేసింది, కాబట్టి నేరం అనలేం. కానీ ఆ పంట డబ్బు అయిపోయాక రోజువారీ ఖర్చులకి ఏముంటుంది? ఆటగాళ్ళ జీతాల్లోంచి పట్టుకున్న పన్ను ప్రభుత్వానికి కట్టడం మానేశారు. సుమారు 90 లక్షల పౌండ్లు. 2012 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజున, క్లబ్బు దివాలా రక్షణలోకి వెళ్ళింది.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. ట్రస్టుల కేసే రేంజర్స్‌ని ముంచింది అనుకుంటారు. ఆ కేసు కొనేవాళ్ళని భయపెట్టింది నిజమే, గొయ్యిలోకి తోసింది మాత్రం కట్టకుండా వదిలేసిన ఈ మామూలు పన్ను. ఇంకా విచిత్రం చూడండి, 2012 నవంబర్‌లో ట్రిబ్యునల్ ట్రస్టుల కేసులో చాలావరకు రేంజర్స్ పక్షానే తీర్పు చెప్పింది, కానీ అప్పటికే కంపెనీ లిక్విడేటర్ల చేతిలో, అంటే దాన్ని మూసేసి ఉన్నది అప్పులవాళ్ళకి పంచేవాళ్ళ చేతిలో ఉంది. ఆఖరికి 2017లో సుప్రీంకోర్టు పన్నుల శాఖదే రైటు అంది. గెలిచినప్పుడూ లాభం లేదు, ఓడినప్పుడూ పోయేదేం లేదు, ఎందుకంటే కేసులో ఉన్న కంపెనీ అప్పటికి పేరుకే ఉంది.

బాకీల జాబితా బయటికొచ్చింది, 276 మంది ఉన్నారు. ట్రస్టుల కేసు కూడా కలిపితే మొత్తం 13 కోట్ల 40 లక్షల పౌండ్ల దాకా వెళ్ళొచ్చన్నారు. అంత పెద్ద అంకె మనసుకి ఎక్కదు. ఎక్కేది ఆ జాబితా కింది భాగం. అంబులెన్స్ సర్వీసుకి 8 వేల పౌండ్ల పైచిలుకు. పిల్లల మొహాలకి రంగులు వేసే ఒకావిడకి 40 పౌండ్లు. నలభై! కోట్ల జీతాలు తీసుకున్న ఆటగాళ్ళు తిరిగిన ఆ పాలరాతి మెట్ల భవనం నుంచి ఒకావిడకి నలభై పౌండ్లు రావాలి, రాలేదు. రేంజర్స్ మీద ఇప్పటికీ కోపం చల్లారని వాళ్ళతో మాట్లాడితే, వాళ్ళు కంపెనీ చట్టం గురించి చెప్పరు, ఈ నలభై పౌండ్ల గురించి చెప్తారు.

బాకీ రావలసినవాళ్ళు కొంత తీసుకుని మిగతాది వదిలేస్తే పాత కంపెనీయే బతికేది. దానికి విలువ ప్రకారం 75 శాతం మంది ఒప్పుకోవాలి. పన్నుల శాఖకి ఒంటరిగానే అడ్డుకోగలిగేంత బాకీ రావాలి, వాళ్ళు 2012 జూన్‌లో ససేమిరా అన్నారు. అంతే. వెంటనే చార్ల్స్ గ్రీన్ అనే ఆయన నాయకత్వంలోని సెవ్కో అనే కొత్త కంపెనీ స్టేడియం, ట్రైనింగ్ గ్రౌండు, పేరు, చిహ్నం, చరిత్ర అన్నీ కలిపి 55 లక్షల పౌండ్లకి కొనేసింది. పాత కంపెనీ పేరు మార్చుకుని మూతపడే దారి పట్టింది, కొత్త కంపెనీ పాత పేరు తగిలించుకుంది.

కొన్నవి బల్ల మీద ఉన్నాయి సరే, ఆడేదెక్కడ? పై లీగులోని క్లబ్బులు జులై 4న ఓటేసి, పాత రేంజర్స్ స్థానం కొత్త కంపెనీకి ఇవ్వం అన్నాయి. మొదట కొందరు ఛైర్మన్లు టీవీ డబ్బు పోతుందని తటపటాయించారు, కానీ సొంత అభిమానులు 'వాళ్ళని ఉంచితే మేం సీజన్ టికెట్లు కొనం' అని తెగేసి చెప్పారు. కింది మూడు డివిజన్లలోని 30 క్లబ్బులు జులై 13న ఓటేశాయి, 25 క్లబ్బులు అట్టడుగు మూడో డివిజన్‌లో పెట్టండి అన్నాయి. సరిగ్గా ఏడాది కిందట ఛాంపియన్లుగా ఉన్న జట్టు, నాలుగో అంతస్తుకి. ఆగస్టు 18న ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ అనే చిన్న జట్టుతో ఐబ్రాక్స్‌లో మ్యాచ్ పెడితే 49,118 మంది వచ్చారు. నాలుగో స్థాయి లీగు మ్యాచ్‌కి. అంకె తప్పు పడలేదు.

ఇప్పుడు 'క్లబ్బు' అంటే ఏంటో చూద్దాం. కంపెనీయే క్లబ్బు అనుకుంటే జవాబు తేలిక, 1899 నాటి కంపెనీ పోయింది, క్లబ్బు పోయింది. దీనికి రేంజర్స్ వాళ్ళ జవాబు గట్టిదే, 'కంపెనీ లేకముందు 27 ఏళ్ళు క్లబ్బు ఆడింది కదా, మరి అప్పుడు ఆడిందెవరు?' ఎదుటివాళ్ళు ఊరుకోరు, '1899లో ఆ క్లబ్బే కంపెనీగా మారిపోయింది, పాలు తోడుకుని పెరుగయ్యాక పాలు వేరే గిన్నెలో ఉన్నాయంటే ఎలా' అంటారు. రెండూ నాకు సబబుగానే అనిపిస్తాయి, అదే చిరాకు.

ఫుట్‌బాల్ పెద్దలు మాత్రం ఒక పక్షం తీసుకున్నారు. ట్రస్టుల చెల్లింపుల్ని లీగుకి చెప్పకుండా దాచారన్న ఆరోపణ మీద రిటైర్డ్ జడ్జి లార్డ్ నిమ్మో స్మిత్ నాయకత్వంలో కమిషన్ కూర్చుంది. క్లబ్బు అనేది జనం గుర్తుపట్టగల ఒక అస్తిత్వం, దాన్ని ఒకరు నడపొచ్చు, ఇంకొకరికి అమ్మొచ్చు, యజమాని మారినా అది కొనసాగుతుంది, ఇదీ వాళ్ళు చెప్పిన దాని సారాంశం. 2013 ఫిబ్రవరిలో పాత కంపెనీ మీద 2,50,000 పౌండ్ల జరిమానా వేశారు, టైటిళ్ళు పీకలేదు. రేంజర్స్ తనని తాను దేశంలో అత్యంత విజయవంతమైన క్లబ్బుగా చెప్పుకునే ప్రకటన మీద కూడా ఫిర్యాదులు వెళ్ళాయి, అది తప్పుదారి పట్టించేది కాదని ప్రకటనల నియంత్రణ సంస్థ తేల్చింది.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ఆసక్తికరం. ఆడే లైసెన్సుని కొత్త కంపెనీకి మార్చడానికి ఒప్పుకునేటప్పుడు స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం, ఏడాదిపాటు కొత్త ఆటగాళ్ళని తీసుకోకూడదని పాత రేంజర్స్‌కి వేసిన ట్రాన్స్‌ఫర్ నిషేధాన్ని కొత్త కంపెనీ నెత్తిన పెట్టింది. మిగతా క్లబ్బులకి పాత రేంజర్స్ బాకీపడ్డ ఫుట్‌బాల్ అప్పులూ కట్టమంది. కొత్త క్లబ్బయితే పాత శిక్ష ఎందుకు అనుభవించాలి? పాత క్లబ్బే అయితే అట్టడుగుకి ఎందుకు పోవాలి? ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి. నా మటుకు నాకు రూలు పుస్తకం ప్రకారం అదే క్లబ్బు, కానీ ఒక షరతుతో. కప్పులన్నీ వారసత్వంగా వచ్చినప్పుడు ఆ నలభై పౌండ్లు ఎందుకు రాలేదు అని ఎవరైనా అడిగితే విసుక్కోకుండా వినాలి. తాతగారి ఇల్లు కావాలి, తాతగారి ప్రాంసరీ నోటు మాత్రం నాకు తెలీదు అనేవాణ్ణి మన ఊళ్ళో ఏమంటారో తెలుసుగా. ఫుట్‌బాల్ అప్పు తీర్చి అంబులెన్సు అప్పు వదిలెయ్యడం చట్టంలో తప్పు కాకపోవచ్చు, వినడానికి మాత్రం బాగోదు.

సెల్టిక్ వాళ్ళు దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారంటే, 2015 ఫిబ్రవరి 1న లీగ్ కప్ సెమీఫైనల్లో రెండు జట్లూ తలపడే ముందు కొందరు అభిమానులు చందాలు వేసుకుని ఆదివారం పేపర్లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చారు. ఈ రెండు క్లబ్బులూ ఇంతకుముందు ఎప్పుడూ ఆడలేదు, ఇదే మొదటి మ్యాచ్ అని! సెల్టిక్ 2-0తో గెలిచింది. అంతకంటే నాకు నవ్వొచ్చేది, ఎదుటివాడు చచ్చిపోయాడని పేపర్లో వెయ్యడానికి అంత డబ్బు ఖర్చుపెట్టారంటే, వాడు బతికే ఉన్నాడని లోపల ఎంత గట్టిగా తెలిసి ఉండాలి.

సరిగ్గా అదే 2012లో హైదరాబాద్‌లో కూడా ఇలాంటిదే జరిగింది, గుర్తుందా? 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్‌ని బోర్డు రద్దు చేసింది, కొన్ని వారాల్లో సన్ టీవీ వాళ్ళు హైదరాబాద్ టీమ్‌ని దక్కించుకున్నారు, సన్‌రైజర్స్ వచ్చింది. అదే ఉప్పల్ స్టేడియం, చాలావరకు అదే జనం. అయినా 2009 కప్పు మాదే అని సన్‌రైజర్స్ లెక్కలో వెయ్యదు, మనమూ ఎవరితో కొట్టుకోం. నాలుగైదేళ్ళ బంధం అది, పేరు మారింది, రంగు మారింది, వదిలేశాం. గోవన్‌లో అలా కాదు. ఐబ్రాక్స్ మూల మీద జాన్ గ్రెయిగ్ విగ్రహం ఉంటుంది. 1972లో బార్సిలోనాలో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు అందుకున్న కెప్టెన్. కానీ ఆ విగ్రహం గోల్ కొట్టిన ఆనందంలో లేదు, చేతికి నల్ల పట్టీ ఉంటుంది, కింద పలకల మీద పేర్లు ఉంటాయి. 1902లో స్టాండు కూలి పోయిన 25 మంది, 1961లో మెట్ల మీద పోయిన ఇద్దరు, 1971 జనవరి 2న సెల్టిక్ మ్యాచ్ అయ్యాక అవే పదమూడో నంబరు మెట్ల మీద నలిగిపోయిన 66 మంది. ఈ పలకల ముందు నిలబడ్డ మనిషితో 'మీ క్లబ్బు వయసు పదేళ్ళ పైచిలుకే కదా' అంటే ఆయన కంపెనీల చట్టం గురించి ఆలోచిస్తాడని నేననుకోను.

లెక్క ఇప్పుడు మరీ ముదిరింది. 2016లో పై లీగుకి తిరిగొచ్చిన రేంజర్స్, 2021లో స్టీవెన్ జెరార్డ్ మేనేజర్‌గా ఉండగా 38 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా లీగు గెలిచింది, 55వ టైటిల్ అంది. ఎదుటివాళ్ళు కాదు, ఒకటో టైటిల్ అన్నారు. 55లో మొదటిది 1891లో డంబార్టన్‌తో సమానంగా పంచుకున్నది, అదొక పిట్టకథ. 2025లో సెల్టిక్ కూడా 55కి చేరింది. ఆ స్కోరు 55-55 అనాలా 55-1 అనాలా అన్నది, మీరు గ్లాస్గోలో ఏ టాక్సీ ఎక్కారన్న దాని మీద ఉంటుంది.

ఆ 2021 జట్టు గోల్‌కీపర్ అలన్ మెక్‌గ్రెగర్. చిన్నప్పటి నుంచి రేంజర్స్ అకాడమీలో పెరిగినవాడు. 2012లో ఉద్యోగ చట్టం ఇచ్చిన హక్కుతో, నా కాంట్రాక్టు ఈ కొత్త కంపెనీకి బదిలీ కావడానికి ఒప్పుకోను అని వెళ్ళిపోయిన వాళ్ళలో ఆయన ఒకడు. స్టీవెన్ నైస్మిత్ అయితే, నా విశ్వాసం రేంజర్స్ మీద, సెవ్కో ఎవరో నాకు తెలీదు అన్న అర్థంలో బహిరంగంగానే చెప్పి వెళ్ళాడు. మెక్‌గ్రెగర్ టర్కీ వెళ్ళాడు, ఇంగ్లండ్‌లో ఆడాడు, 2018లో ఐబ్రాక్స్‌కి తిరిగొచ్చాడు, లీగు గెలిచాడు, 2023లో వీడ్కోలు తీసుకున్నాడు. అప్పటికి రేంజర్స్ తరఫున ఆయన మ్యాచ్‌లు ఐదొందలు దాటాయి. 2012కి ముందువీ తర్వాతవీ కలిపే ఆ అంకె వేశారు, మధ్యలో గీత గియ్యలేదు.